ప్రవాసంలో డాంటే మహాకవి

ఇటలీ దేశంలోని ఫ్లారెన్సు నగరంలో పిట్టీ మహలు అనే పెద్ద రాజభవనం ఉన్నది. అందులోని చిత్రశాలలో దొమేనికో పేతర్లీని అనే చిత్రకారుడు 1860 ప్రాంతంలో వేసిన తైలవర్ణ చిత్రం ఒకటి కలదు. సముద్రపు ఒడ్డున, రాళ్ళ మీద, ఒక మనిషి ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఒంటి మీద పొడుగాటి అంగీ, తలకు బిగుతైన కుల్లాయి. పలకరించే వారెవ్వరూ లేరు. మనసు ఎక్కడో ఉన్నదని ఆ కూర్చున్న తీరే చెబుతుంది. ఆయనే డాంటే మహాకవి. చిత్రం పేరు ప్రవాసంలో డాంటే.

ఆ రోజులలో ఐరోపా చిత్రకళాశాలలలో ఒక పద్ధతి ఉండేది. విద్యార్థి ముందుగా శిల్పాలు చూసి గీయాలి, తరువాత మనిషిని ఎదుట కూర్చోబెట్టుకొని గీయాలి, బట్టల మడతలు నేర్వాలి. ఇవన్నీ పట్టుబడ్డ తరువాత పురాణాలలోనుంచో, చరిత్రలోనుంచో ఒక మహాపురుషుణ్ణి తీసుకొని, అతని జీవితంలోని ఒక ఘట్టాన్ని పెద్ద పటంగా వేయాలి. ఆ బాణీలో వేసిన చిత్రమే ఇది. చూడగానే జాలి పుడుతుంది. ఇంచుమించు అదే కాలంలో, 1864లో, లైటన్ అనే ఆంగ్ల చిత్రకారుడు ఇదే విషయాన్ని వేరే విధంగా వేశాడు. అందులో డాంటే చుట్టూ ప్రభువులు, పరివారం, పెద్ద గుంపు. ఆ గుంపులోనూ ఆయన ఒంటరివాడే.

రెండు చిత్రాలూ నిజమే చెబుతున్నాయి. అయితే పటం ఒక్క క్షణాన్నే చూపగలదు. ఆ రాతి మీద కూర్చున్న మనిషి పందొమ్మిది సంవత్సరాలకు పైగా ఊరికి దూరమై బతికాడు. అన్నేళ్ళూ ఊరికే కూర్చోలేదు. ఆ కాలంలో ఆయన చేసిన పని ఏమిటో తెలిస్తే, జాలికి బదులు గౌరవం కలుగుతుంది. తరతరాలుగా పుట్టినచోటికి దూరంగా కాపురం చేస్తున్న మనబోటి కుటుంబాలకు ఆ కథ మరింత దగ్గరగా తోస్తుంది.

డాంటే అలిగియేరి 1265లో ఫ్లారెన్సులో జన్మించాడు. ఓరుగల్లులో రుద్రమదేవి రాజ్యమేలుతున్న రోజులవి. తిక్కన సోమయాజి నెల్లూరిలో వర్ధిల్లిన శతాబ్ది అది. అప్పటికి ఇటలీ ఒక దేశం కాదు. ఒక్కొక్క నగరం ఒక్కొక్క రాజ్యం. ఫ్లారెన్సుకు ఉన్ని బట్టల వ్యాపారం, వడ్డీ వ్యాపారం రెండు చేతులు. 1252 నుంచి ఆ నగరం ముద్రించిన ఫ్లారిన్ అనే బంగారు నాణెం ఐరోపా అంతటా చెల్లేది. డబ్బు ఎంత ఉండేదో కక్షలూ అంత ఉండేవి.

డాంటేది గొప్ప సంపన్న కుటుంబం కాదు. తల్లి బెల్లా ఆయన పసితనంలోనే పోయింది. యౌవనం వచ్చేసరికి తండ్రి కూడా గతించాడు. తొమ్మిదో ఏట ఒక వేడుకలో తన యీడు బాలికను చూశాడు. ఆమె పేరు బియాట్రిస్. ఇద్దరి నడుమ పెళ్ళి మాట ఎన్నడూ రాలేదు. 1277లోనే పెద్దలు డాంటేకు దొనాతి వంశపు బాలిక జెమ్మాతో సంబంధం నిశ్చయించారు. బియాట్రిస్ మరొకరిని పెండ్లాడి, 1290లో చిన్న వయసులోనే కన్నుమూసింది. ఆమెపై డాంటేకు ఉన్న ఆరాధన చావలేదు. నవజీవనం అనే అర్థం వచ్చే పేరుతో, పద్యాలూ వచనమూ కలిపి, ఆమె స్మృతిగా ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. పండితులందరూ లాటిన్‌లో వ్రాసే కాలంలో ఆ పుస్తకాన్ని ఆయన తల్లిభాషలో వ్రాశాడు.

కవి అంటే లోకం పట్టనివాడని మనవాళ్ళు అనుకుంటూ ఉంటారు. డాంటే అట్లాంటివాడు కాడు. 1289 జూన్ 11న కంపాల్దినో యుద్ధంలో గుర్రం మీద ముందు వరుసలో నిలిచి పోరాడాడు. నగరపాలనలో పాల్గొనాలంటే ఏదో ఒక వృత్తి సంఘంలో సభ్యుడై ఉండాలని నిబంధన ఉండేది. అందుచేత 1295లో వైద్యుల, మందుల వర్తకుల సంఘంలో పేరు వ్రాయించుకున్నాడు. 1300 జూన్ 15 నుంచి ఆగస్టు 15 వరకు నగరాన్ని పాలించే ఆరుగురు పెద్దలలో ఒకడయ్యాడు. ఆ పదవికి గడువు రెండు నెలలే. ఆ రెండు నెలలే ఆయన జీవితాన్ని తలకిందులు చేశాయి.

ఇటలీలో పోపు పక్షం వారిని గ్వెల్ఫులనీ, చక్రవర్తి పక్షం వారిని గిబెల్లీనులనీ పిలిచేవారు. ఫ్లారెన్సులో గ్వెల్ఫులే గెలిచారు. గెలిచిన తరువాత ఊరుకోక, తెల్లవారు, నల్లవారు అని మళ్ళీ రెండుగా చీలిపోయారు. నల్లవారు పోపు జోక్యాన్ని కోరేవారు. తెల్లవారు నగరం స్వతంత్రంగా ఉండాలనేవారు. డాంటే తెల్లవారి వైపు. నల్లవారి నాయకుడు కోర్సో దొనాతి ఆయన భార్యకు బంధువే. వీధులలో కత్తులు లేవగా, డాంటేతో కూడిన పెద్దలు రెండు కక్షల నాయకులనూ సమంగా నగరం నుంచి వెళ్ళగొట్టారు. ఆ వెళ్ళినవారిలో డాంటేకు ప్రాణమిత్రుడు, గొప్ప కవి గ్విదో కవల్కాంతి ఉన్నాడు. పోయినచోట జ్వరం తగిలి, తిరిగి వచ్చి, 1300 ఆగస్టులోనే అతడు చనిపోయాడు. స్నేహితుణ్ణి కూడా మినహాయించని ఆ ఆజ్ఞలో డాంటే చేయి ఉన్నది. ఊరు వదిలించడమంటే ఏమిటో ఆయన ముందుగా ఆజ్ఞ ఇచ్చే వైపు నిలిచి తెలుసుకున్నాడు. రెండేళ్ళు తిరగకుండానే అనుభవించే వైపు నుంచి తెలుసుకోవలసి వచ్చింది.

1301లో పోపు ఎనిమిదవ బోనిఫేసు వద్దకు ఫ్లారెన్సు పంపిన రాయబారులలో డాంటే ఒకడు. ఆయన రోములో ఉండగానే, నవంబరు 1న, శాంతి నెలకొల్పే నెపంతో ఫ్రాన్సు రాజు తమ్ముడు షార్ల్ సైన్యంతో ఫ్లారెన్సులో ప్రవేశించాడు. అతని అండతో నల్లవారు నగరాన్ని చేజిక్కించుకున్నారు. ఇళ్ళు దోచుకున్నారు. 1302 జనవరి 27న తీర్పు వెలువడింది. పదవిలో ఉండగా లంచాలు తిన్నాడని డాంటేపై నేరారోపణ. 5000 ఫ్లారిన్ల జరిమానా, రెండేళ్ళ బహిష్కారం, ఇక మీదట ఏ పదవికీ అర్హత లేదని శిక్ష. ఆయన జరిమానా కట్టలేదు, సంజాయిషీకీ రాలేదు. మార్చి 10న రెండవ తీర్పు వచ్చింది. నగరానికి చిక్కితే సజీవంగా దహనం చేయాలని. ఆనాటికి ఆయనకు ముప్పయ్యేడేళ్ళు నిండలేదు. భార్య ఊళ్ళోనే ఉండిపోయింది. పిల్లలు చిన్నవాళ్ళు. మళ్ళీ ఫ్లారెన్సు గడప ఆయన తొక్కలేదు.

మొదట తనతో పాటు వెళ్ళగొట్టబడినవారితో చేరి, బలప్రయోగంతోనైనా ఊరు చేరాలని ప్రయత్నించాడు. వారి కలహాలూ తెలివితక్కువతనమూ చూసి విసుగు పుట్టి విడిపోయాడు. 1304 జూలైలో వారు నగరంపై దాడి చేసి ఓడిపోయినప్పుడు ఆయన వారిలో లేడు. వెరోనా నగరంలో స్కాలా ప్రభువులు ఆదరించారు. 1306లో లునిజానా కొండలలో మలస్పీనా ప్రభువుల తరఫున అక్కడి బిషప్పుతో సంధి కుదిర్చి, ఆ పత్రాలు నడిపించాడు. చదువుకున్నవాడు కనుక ఉత్తరాలు వ్రాసిపెట్టడం, రాయబారాలు నడపడం ఆయన జీవనోపాధి అయింది. ఒకప్పుడు తానే ఆజ్ఞలు ఇచ్చిన మనిషి ఇతరుల ఆజ్ఞలకు కలం పట్టాడు.

ఫ్లారెన్సు ప్రాంతంలో రొట్టె ఉప్పు లేకుండా చేస్తారు. ఈనాటికీ అంతే. ఆ ఊరివాడు మరొక ఊరిలో రొట్టె తుంచి నోట పెట్టుకుంటే మొదటి ముద్దతోనే పరాయితనం తెలుస్తుంది. తన మహాకావ్యంలో డాంటే ప్రవాస దుఃఖాన్ని చెప్పదలచినప్పుడు, తన ముత్తాత తండ్రిని ఒక పాత్రగా నిలబెట్టి, ఆయన నోట ఈ రొట్టె సంగతి, ఎక్కి దిగవలసిన పరుల ఇళ్ళ మెట్ల సంగతి చెప్పించాడు. పెద్ద పెద్ద మాటలు వాడలేదు. ఊరు మారినవారికి ముందుగా తగిలేది తిండిలోనే కదా!

ఆ పరాయి పంచలలోనే ఆయన గొప్ప ఆలోచన ఒకటి చేశాడు. ఊరి నుంచి ఊరికి తిరుగుతూ ఉంటే చెవిన పడే మాట మారుతూ వచ్చింది. ఇటలీలో కనీసం పధ్నాలుగు మాండలికాలున్నాయని లెక్క కట్టాడు. లాటిన్ బడిలో నేర్చే భాష, తల్లిభాష పాలతోపాటు వచ్చే భాష. రెండవదే ఎక్కువ గౌరవించదగినదని వాదిస్తూ ఒక శాస్త్రగ్రంథం మొదలుపెట్టాడు. తల్లిభాష గొప్పదనాన్ని నిరూపించే ఆ గ్రంథాన్ని లాటిన్‌లో వ్రాయడం విచిత్రం. కానీ ఒప్పించవలసింది లాటిన్ పండితులనే కనుక వారి భాషలోనే చెప్పాడు. తన ఊరి యాసతో సహా ఏ ఒక్క యాసా పరిపూర్ణం కాదని, అన్నింటిలోని మేలూ ఏరుకోవాలని అందులో తీర్మానించాడు. అదే కాలంలో విందు అనే అర్థం వచ్చే పేరుతో మరో గ్రంథం తల్లిభాషలో మొదలుపెట్టాడు. లాటిన్ రాని సామాన్య గృహస్థులకూ స్త్రీలకూ కూడా తత్త్వశాస్త్రం అందాలని ఆయన కోరిక. పదిహేను భాగాలు తలపెట్టి నాలుగు వ్రాశాడు. రెండు గ్రంథాలూ మధ్యలో ఆగిపోయాయి. కారణం, వాటిని మించిన పని ఆయనను పట్టుకుంది.

ఆ పని పేరు కామెడీ. దుఃఖంలో మొదలై శుభంతో ముగిసే కథ అని ఆనాడు ఆ మాటకు అర్థం. దివ్యం అనే విశేషణం తరువాతివారు చేర్చినది. నడివయసులో దారి తప్పిన మనిషి నరకం, ప్రాయశ్చిత్త పర్వతం, స్వర్గం మూడూ చూసి రావడం ఇతివృత్తం. ప్రాచీన లాటిన్ కవి వర్జిల్ మొదటి రెండు లోకాలలో దారి చూపుతాడు. ఆ పైన దారి చూపేది బియాట్రిస్. మొత్తం 100 సర్గలు, 14,233 పంక్తులు. మూడేసి పంక్తుల కట్టుగా, ఒక కట్టులోని ప్రాస పక్క కట్టును పట్టుకొని సాగే కొత్త ఛందస్సు ఆయనే కల్పించాడు. మూడు భాగాలూ నక్షత్రాలు అనే మాటతోనే ముగుస్తాయి. అందులో ఫ్లారెన్సు వారు ఎందరో! వీధులు, వంతెనలు, వంశాలు, కక్షలు అన్నీ కనబడతాయి. ఊరికి వెళ్ళే వీలు లేనివాడు ఊరినే కావ్యంలోకి తెచ్చుకున్నాడు. భాష ఫ్లారెన్సుదే ఐనా, తిరిగిన ప్రాంతాల మాటలు, లాటిన్ మాటలు అవసరమైన చోటల్లా స్వేచ్ఛగా కలిపాడు. ఒక ఫ్రెంచి దేశపు కవి పాత్ర చేత అతని ప్రొవాన్సు భాషలోనే కొన్ని పంక్తులు పలికించాడు.

మధ్యలో ఒక ఆశ తళుక్కుమంది. 1310లో ఏడవ హెన్రీ చక్రవర్తి ఇటలీకి దండెత్తి వచ్చాడు. ఆయన వల్ల కలహాలు అణగి, తాను ఊరు చేరవచ్చునని డాంటే నమ్మాడు. లేఖలు వ్రాశాడు, ఎదిరించిన ఫ్లారెన్సును నిష్ఠురంగా మందలించాడు. 1313 ఆగస్టులో హెన్రీ జ్వరంతో మరణించాడు. ఆ ఆశ అంతటితో సరి.

1315లో ఫ్లారెన్సే ఒక దారి తెరిచింది. తగ్గించిన జరిమానా కొంత కట్టి, నేరస్థుడి వలె నలుగురి ఎదుట ప్రాయశ్చిత్తం చేసుకుంటే రావచ్చునన్నది. చాలామంది ఒప్పుకున్నారు. పదమూడేళ్ళు ఎదురుచూసిన మనిషి, భార్య ఉన్న ఊరు, బాప్తిస్మం పొందిన గుడి అన్నీ అక్కడే ఉన్నవాడు, డాంటే ఒప్పుకోలేదు. చేయని నేరం ఒప్పుకొని రావడం రావడం కాదని మిత్రుడికి ఉత్తరం వ్రాశాడు. ఆ సంవత్సరమే నగరం మరణశిక్షను మళ్ళీ ఖాయం చేసింది. ఈసారి ఆయన కుమారులనూ అందులో చేర్చింది. తన పంతం మూల్యం పిల్లల మీద పడడం ఏ తండ్రికైనా తేలిక కాదు. ఆయన అభిమానధనుడని పొగిడేవారు ఈ సంగతి కూడా తలచుకోవాలి.

చివరి సంవత్సరాలు రవెన్నా నగరంలో గడిచాయి. ఆ ఊరి ప్రభువు గ్విదో నొవెల్లో కవి, సహృదయుడు. కుమారులు పియెత్రో, జాకొపో అక్కడికి వచ్చి తండ్రిని చేరుకున్నారు. కుమార్తె అక్కడి మఠంలో చేరి బియాట్రిస్ అని పేరు పెట్టుకుంది. ఆ రోజులలో బొలోన్యా విద్యాపీఠపు పండితుడొకడు లాటిన్ పద్యాలలో ఉత్తరం వ్రాశాడు. ఇంతటి ప్రతిభను సామాన్యుల భాషకు ఎందుకు వెచ్చిస్తావు, లాటిన్‌లో కావ్యం వ్రాయి, మా నగరానికి వస్తే కిరీటం పెడతామని దాని సారాంశం. డాంటే చక్కని లాటిన్ పద్యాలలోనే జవాబిచ్చి, రానన్నాడు. కవికిరీటం అంటూ పెట్టుకుంటే తాను బాప్తిస్మం పొందిన గుడిలోనే పెట్టుకోవాలని ఆయన కోరిక. అది తీరలేదు.

1321లో ప్రభువు పనిపై వెనిస్‌కు రాయబారం వెళ్ళి, తిరుగుదారిలో చిత్తడి నేలల మీదుగా వస్తూ మలేరియా జ్వరం తెచ్చుకున్నాడు. సెప్టెంబరు 13–14 నడిరాత్రి కన్నుమూశాడు. వయసు యాభై ఆరు. కావ్యం అప్పటికే పూర్తయింది. మరుసటి ఏడు జాకొపో సంపూర్ణ ప్రతిని ప్రభువుకు పంపాడు. ఆ కావ్యానికి వ్రాతప్రతులు 800 దాకా నేటికీ నిలిచి ఉన్నాయి. డాంటే స్వహస్తంతో వ్రాసినది మాత్రం ఒక్క సంతకమైనా దొరకలేదు.

ఇక ఊరి పశ్చాత్తాపం సంగతి. 1350లో బొకాచియో అనే సుప్రసిద్ధ రచయిత ఫ్లారెన్సు వారి తరఫున పది బంగారు ఫ్లారిన్లు తీసుకొని రవెన్నా మఠంలోని డాంటే కుమార్తె వద్దకు వెళ్ళాడు. 1373లో ఫ్లారెన్సులోనే ఆ కావ్యంపై బహిరంగ ఉపన్యాసాలు ఇచ్చాడు. 1519లో ఫ్లారెన్సు పెద్దలు అస్థికలైనా ఇప్పించమని పోపు పదవ లియోను కోరారు. సమాధి తానే చెక్కుతానని మైకెలాంజిలో సంతకం పెట్టాడు. అనుమతి వచ్చింది. వెళ్ళి తెరిస్తే సమాధి ఖాళీ! రవెన్నా మఠంలోని సన్యాసులు గోడకు కన్నం చేసి అస్థికలు ముందే దాచేశారు. 1810లో మఠం మూసివేయవలసి వచ్చినప్పుడు వారు ఆ పెట్టెను ఒక గోడలో పెట్టి పోయారు. 1865లో, డాంటే పుట్టి ఆరువందల ఏళ్ళయిన ఉత్సవాల సంవత్సరంలోనే, మరమ్మతు చేస్తున్న తాపీవారికి అది దొరికింది. ఫ్లారెన్సులో 1829లో కట్టిన ఘనమైన సమాధి ఇప్పటికీ ఖాళీగానే ఉన్నది. ఏటా సెప్టెంబరులో ఫ్లారెన్సు తన కొండల ఆలివ్ నూనెను రవెన్నాకు పంపుతుంది. ఆ నూనెతో డాంటే సమాధి వద్ద దీపం వెలుగుతుంది. 2008లో ఫ్లారెన్సు నగరసభ ఓటు పెట్టి ఆ పాత శిక్షను రద్దు చేసింది. ఐదుగురు అప్పటికీ వ్యతిరేకించారు!

పియెత్రో న్యాయాధికారియై వెరోనాలో స్థిరపడ్డాడు. తండ్రి కావ్యానికి వ్యాఖ్య వ్రాశాడు. 1353లో ఆ ఊరి దాపున పొలం కొన్నాడు. ఆ సంతతి వారి చేతిలోనే ఆ భూమి ఈనాటికీ ఉన్నది. తండ్రికి పరాయిచోటు అయినది పిల్లలకు స్వస్థలం అయింది.

మన పెద్దలను ఎవరూ శిక్ష వేసి పంపలేదు. నేతపనికో, సేద్యానికో, కొలువుకో, వర్తకానికో హోసూరు, బళ్ళారి, బరంపురం, సోలాపురం చేరుకున్నారు. కనుక డాంటే కష్టంతో మన స్థితిని సరిపోల్చుకోవడం సబబు కాదు. ఆయన పద్ధతి మాత్రం మనకు పనికివస్తుంది. మన తెలుగులో కన్నడం కలిసిందనీ, అరవం కలిసిందనీ, ఒడియా మరాఠీలు కలిసాయనీ కొందరు చిన్నబుచ్చుకుంటారు. పొరుగు మాటలు కలిసినంత మాత్రాన డాంటే భాష చెడలేదు. ఆ కలగలుపు కావ్యమే తరువాత ఇటలీ మొత్తానికి ప్రామాణిక భాషకు పునాది అయింది. ఇంట్లో మాట్లాడుతూ, చదవడం వ్రాయడం పిల్లలకు నేర్పకపోతే అప్పుడు చెడుతుంది. మాట్లాడే పిల్లలుండి అక్షరం రాని ఇళ్ళు మనలో ఏటేటా పెరుగుతున్న సంగతి మనకు తెలియనిది కాదు.

డాంటే నాటి ఫ్లారెన్సులో సంవత్సరాది జనవరిలో వచ్చేది కాదు. మార్చి 25న, వసంతంలో వచ్చేది. 1749 వరకు వారి లెక్క అదే. ఆయన కావ్యంలోని యాత్ర మొదలయింది కూడా 1300లో ఆ రోజునేనని చాలామంది పండితుల అభిప్రాయం. అందుచేతనే 2020 నుంచి ఇటలీ దేశం ఏటా మార్చి 25ను డాంటే దినంగా జరుపుకుంటున్నది. మన ఉగాది కూడా ఆ దాపుననే వస్తుంది. ఈ ఉగాదినాడు పచ్చడి తిని, పంచాంగం విన్న తరువాత, ప్రతి ఇంటా ఒక పలక తీసి పిల్లల చేత నాలుగు తెలుగు అక్షరాలు దిద్దిస్తే, ఆ రాతి మీద ఒంటరిగా కూర్చున్న మహాకవికి మనం చేయగల నమస్కారం అదే.